మా కొండను కరిగించే క్షారం మా పాఠంలో ఎందుకు లేదు?

ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు పాఠం మొదలుపెట్టిన రోజు మాకు ప్రతి ఏడూ ఒకే జవాబు ఎదురవుతుంది. "క్షారం అంటే ఏంటర్రా?" అని అడుగుతాం. "కారం మేస్టారూ, మిరపకాయ!" అని నలుగురైదుగురు ఒక్కసారే అరుస్తారు. మొదట్లో మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ పిల్లలు తెలివితక్కువ మాట చెప్పలేదు. తెలుగులో కారం అన్న మాట క్షారం నుంచి వచ్చిందే. తెలిసిన మాటతో తెలియని మాటను పట్టుకోబోయారు. చదువంటే అదే కదా. పాఠం మాత్రం వాళ్లకు చెయ్యి అందించలేదు. క్షారాలు చేదుగా ఉంటాయి, తాకితే జారుడుగా ఉంటాయి, ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తాయి అని మూడు ముక్కలు చెప్పి పక్కకు తప్పుకుంది.

మేము కొండ దిగి విశాఖలో బతుకుతున్న ఆదివాసీ టీచర్లం. పెద్ద డిగ్రీలు లేవు. పన్నెండో తరగతి తర్వాత రెండేళ్ల టీచర్ ట్రైనింగ్ చదివి బళ్లోకి వచ్చినవాళ్లం. గాజువాక, మల్కాపురం, పెదగంట్యాడ వైపు మేం చెప్పే తరగతుల్లో పాడేరు, అరకు, ముంచంగిపుట్టు నుంచి కూలి కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటారు. తండ్రి పోర్టులోనో ఫ్యాక్టరీలోనో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. తల్లి అపార్టుమెంట్లలో గిన్నెలు తోముతుంది, బాత్‌రూములు కడుగుతుంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, కొండ భాష. బళ్లో ఇచ్చే పుస్తకం రెండు భాషల్లో ఉంటుంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. మా పిల్లల ఇంటి భాషకు మూడో పేజీ లేదు. మాతృభాషలో బోధన అని ఒకప్పుడు ప్రభుత్వం వేసిన పుస్తకాలు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయాయి. ఆమ్లం పాఠం వచ్చేసరికి పిల్లవాడి భాష తరగతి గది బయటే చెప్పుల పక్కన ఉంటుంది.

ట్రైనింగ్ మీటింగుల్లో ఒక మాట మళ్లీమళ్లీ వింటాం. "మీ పిల్లలకు సైన్స్ ఎక్కదండీ. బట్టీ పట్టించి పాస్ చేయించండి, చాలు." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. కొందరు జాలితోనే అంటారు. ఆ జాలే మాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. మా పిల్లలకు ఏమి తెలుసో వాళ్లకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు.

ఏమి తెలుసో చెబుతాం, వినండి. చోడంబలి రెండో రోజుకు పులుస్తుందని తెలుసు. అది లాక్టిక్ ఆమ్లం. పొద్దున తియ్యగా ఉన్న జీలుగు కల్లు మర్నాటికి ముక్కుపుటాలు అదిరేలా పులిసిపోతుందని తెలుసు. అది ఎసిటిక్ ఆమ్లం. చింతపండు కొట్టి, గింజ తీసి, బుట్టల్లో మోసి సంతకు తెచ్చేది వీళ్ల అమ్మమ్మలే. అందులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ఆకులు కుట్టి చెట్టు మీద గూడు కట్టే ఎర్రచీమ కుడితే ఎలా మండుతుందో తెలుసు. అది ఫార్మిక్ ఆమ్లం, ఆ పేరు పుట్టిందే లాటిన్‌లో చీమ అనే మాట నుంచి. ఆ చీమలతో పచ్చడి నూరుకునే ఇళ్లు బస్తర్‌లో, ఒడిశాలో ఇప్పటికీ ఉన్నాయి. పొయ్యిలో బూడిద నీళ్లలో కలిపితే చేతికి జారుడుగా తగులుతుందని, మురికి వదులుతుందని తెలుసు. అందులో పొటాషియం కార్బొనేట్ ఉంది, అది క్షార గుణం చూపిస్తుంది. సున్నం రాసిన చేతికి పసుపు తగిలితే ఎర్రబడుతుందని ప్రతి ఆడపిల్లకూ తెలుసు. ఇన్ని తెలిసిన పిల్లకు సైన్స్ ఎక్కదా? ఎక్కనిది పిల్లకు కాదు, పిల్ల బతుకు పుస్తకానికి ఎక్కలేదు.

పుస్తకంలో పసుపు కాగితం లేదా, మందార పువ్వు లేదా అని అడుగుతారు. ఉన్నాయి, కాదనం. అయితే ఆ పసుపు ఎక్కడిది? పాడేరు మన్యం పసుపు పండించే నేల. దుంప తవ్వి, ఉడికించి, ఎండబెట్టి అమ్మే కుటుంబం నుంచి వచ్చిన పిల్ల తరగతిలో కూర్చుని "పసుపు ఒక సహజ సూచిక" అని వల్లె వేస్తుంది. ఆ వాక్యానికీ తన తల్లి అరచేతి రంగుకూ సంబంధం ఉందని ఎవరూ చెప్పరు.

మేము చెప్పే తీరు ఇది. కాగితం మీద పసుపు ముద్ద రాసి ఆరబెడతాం. సబ్బు నీళ్లు, సున్నపు తేట, బూడిద నీళ్లు ఒక్కో చుక్క వేయిస్తాం. ఎర్రబడుతుంది. నిమ్మరసం, చింతపండు రసం, మామూలు నీళ్లు వేయిస్తాం. పసుపు పసుపుగానే ఉంటుంది. ఇక్కడ ఆగి అడుగుతాం: "నీళ్లూ నిమ్మరసమూ ఒకటేనా మరి?" పిల్లలు తల గోక్కుంటారు. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గానీ ఆమ్లాన్ని నీళ్ల నుంచి విడదీసి చూపించదు. అప్పుడొక పిల్ల లేచి, సబ్బుతో ఎర్రబడ్డ కాగితం మీద నిమ్మరసం వేసి చూస్తుంది. ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. మామూలు నీళ్ల చుక్కకు అలా రాదు. ఆమ్లాన్ని పట్టుకునే ఉపాయం దొరికింది. ఇంకోరోజు కుంకుడుకాయ రసం ముందు పెట్టి పందెం కాస్తాం. నురగ వస్తుంది కాబట్టి సబ్బులాగే ఎర్రబడుతుందని అందరూ చేతులెత్తుతారు. ఎర్రబడదు. నురగ వచ్చినంత మాత్రాన క్షారం కాదు. అనుకున్నది తప్పయినప్పుడు కాగితం మాట వినడం, అదే సైన్స్. దీనికి అయిన ఖర్చు పది రూపాయలు. సైన్స్ ఎక్కదన్నవాళ్లు ఆ పూట మా తరగతి గుమ్మం దగ్గర నిలబడి చూడాలి.

ఇదే తీరులో పోడు గురించి కూడా అడగాలి. అడవిని కాల్చే అజ్ఞానులు అని మా తాతలను ఎన్ని కాగితాల్లో రాశారో లెక్క లేదు. కొండ మీది ఎర్రనేలల్లో ఆమ్ల గుణం ఎక్కువ. బూడిద క్షారం. బూడిద పడ్డ నేలలో పులుపు తగ్గుతుంది, పైరుకు పొటాష్ అందుతుంది. మైదానంలో రైతుకు నేలలో సున్నం వెయ్యమని చెప్పే శాస్త్రం, కొండ మీద బూడిద వేసినవాడిని అజ్ఞాని అంటే అది ఏం శాస్త్రం? నేలను ఏళ్ల తరబడి బీడు వదిలే ఆనవాయితీ తగ్గిపోయాక పోడు మునుపటిలా పండడం లేదు. నిజమే. ఆ నిజాన్నీ పిల్లలకు చెప్పాలి. అయితే మొదటి సగం దాచి రెండో సగమే చెప్పడం చదువు కాదు.

ఇక్కడ మావాళ్లతోనూ ఒక తగాదా ఉంది. మన సభల్లో కొందరు లేచి, మా అవ్వకు అన్నీ తెలుసు, పుస్తకం ఆమె నుంచి దొంగిలించిందే అంటారు. చప్పట్లు కొడతారు. మేం కొట్టం. అవ్వకు సున్నం తెలుసు. సున్నం సూత్రం తెలియదు. పిహెచ్ విలువ తెలియదు. ఏడు కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అనీ, ఆ మెట్లలో ఒక్కొక్కటి పదింతల తేడా అనీ తెలియదు. అది తెలియకపోవడం ఆమె తప్పు కాదు, ఆమెను బడికి దూరంగా ఉంచిన కాలం తప్పు. మనవరాలికి కూడా అంతే చాలు అనడం మాత్రం మన తప్పు అవుతుంది. పసుపు కాగితంతో మొదలుపెట్టాలి. అక్కడే ఆగిపోతే మన పిల్లలు ఎప్పటికీ మొదటి పేజీలోనే ఉంటారు. సమీకరణం రాయడం, పీపా మీది గుర్తు చదవడం, పరీక్షనాళికలో కొలవడం మన పిల్లల హక్కు. గిరిజన పిల్లలకు ఆటపాటలు చాలు అనే అధికారికీ, గిరిజన జ్ఞానం చాలు అనే అభిమానికీ తేడా ఏముంది? ఇద్దరూ ప్రయోగశాల తలుపు మూసేవాళ్లే.

ఆ తలుపు మూస్తే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాం. ఊరు, పేరు అనవసరం. ఒక హాస్టల్లో మరుగుదొడ్లు కడగడం పిల్లల వంతు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లింది. మరకలు పోలేదు. దానిమీద బాత్‌రూమ్ యాసిడ్ పోసింది. పచ్చటి పొగ లేచింది. చిన్న గది, కిటికీ లేదు. ఆ పొగ క్లోరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. పిల్ల దగ్గుతూ బయటకు వచ్చి పడిపోయింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. వాళ్ల అమ్మ కొండ నుంచి వచ్చి మమ్మల్ని ఒకటే అడిగింది: "అది కలపకూడదని మీకు తెలుసా మేస్టారుబాబూ?" తెలుసు. "మరి దానికెందుకు చెప్పలేదు?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది పరీక్షలో ఆ పిల్ల "ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎరుపుగా మారుస్తాయి" అని తప్పు లేకుండా రాసింది. పూర్తి మార్కు వచ్చింది.

మన బళ్లలో యాసిడ్ సీసా మరుగుదొడ్డి దగ్గర ఉంటుంది, ప్రయోగశాలలో ఉండదు. పిల్లలు యాసిడ్‌ను కడిగేవాళ్లుగా కలుస్తారు, చదివేవాళ్లుగా కలవరు. ఈ ఒక్క సంగతి చాలు మేం ఈ వ్యాసం రాయడానికి.

కాబట్టి నిర్వచనం కంటే ముందు చెప్పవలసినవి ఉన్నాయి. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎన్నడూ కలపకూడదు. పలచన చేయాలంటే నీళ్లలోకి యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. పోస్తే ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి. తటస్థీకరణ పాఠం సగం విన్న పిల్లవాడు యాసిడ్ పడ్డచోట సున్నం రాయబోతాడు. రాయకూడదు. ఆ చర్యలోనూ వేడి పుడుతుంది, కాలిన ఒళ్లు మళ్లీ కాలుతుంది. క్షారం అంటే సాధువు అనుకోకూడదు. తాంబూలం సున్నం కంట్లో పడి చూపు పోయిన పిల్లలు ఉన్నారు. "చేదుగా ఉంటాయి" అని రాసిన పుస్తకమే "దేన్నీ రుచి చూడకండి" అని అంతకంటే పెద్ద అక్షరాల్లో రాయాలి.

ఇక ఊరి సంగతి. విశాఖలో ఈ పాఠం చెప్పే టీచరుకు ఇంకో ప్రయోగశాల వెతకవలసిన పనే లేదు. పోర్టులో పసుపు రంగు గంధకం దిగుతుంది. దాన్ని మండిస్తే వచ్చే వాయువు నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లాన్ని రాక్ ఫాస్ఫేట్ మీద పోస్తే ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది, జిప్సం మిగులుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లానికి అమ్మోనియా అనే క్షారం కలిపితే అమ్మోనియం ఫాస్ఫేట్ అనే లవణం. రైతు ఎరువు బస్తాలో కొనేది దాన్నే. శ్రీహరిపురం దగ్గర కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967 నుంచి ఎరువులు తయారుచేస్తోంది. స్టీల్ ప్లాంటులో బొగ్గును కోక్ చేసేటప్పుడు వచ్చే వాయువులో అమ్మోనియా ఉంటుంది. దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పట్టి అమ్మోనియం సల్ఫేట్ చేసి పుష్కల అనే పేరుతో అమ్ముతారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప రాయితోపాటు సున్నపురాయి, డోలమైట్ ఎందుకు వేస్తారు? రాయిలో ఉన్న ఇసుక ఆమ్ల గుణం కలది, సున్నం క్షార గుణం కలది. రెండూ కలిసి చిట్టెంగా తేలిపోతాయి, ఇనుము అడుగున మిగులుతుంది. ఆ చిట్టెం తయారవడం కూడా ఒక తటస్థీకరణ చర్యే. ఆ చిట్టెం పక్కన రోజు కూలికి నిలబడ్డ తండ్రి కొడుకు, "ఆమ్లం + క్షారం = లవణం + నీరు" అని రాసి, అది ఎక్కడో ఇంగ్లండులో జరిగే పని అనుకుంటున్నాడు.

ఇదే ఊళ్లో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. బళ్లు తెరిచాక పిల్లలు అడిగారు: "అది యాసిడ్డా మేస్టారూ?" కాదు. స్టైరీన్ ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. కానీ ఆ ప్రశ్న సరైన ప్రశ్న. గోడ అవతల ట్యాంకుల్లో ఏముందో, గోడ ఇవతల నిద్రపోతున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? అదే ఏడాది ఆగస్టు 4న బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి రెండు వందల మందికి పైగా పోయారు. అప్పుడు అందరి చూపూ విశాఖ రేవు మీద పడింది. మన దేశానికి ఆ సరుకు దిగుమతి అయ్యే ముఖ్యమైన రేవు ఇదే. అమ్మోనియం నైట్రేట్ ఏమిటి? అమ్మోనియా, నైట్రిక్ ఆమ్లం కలిస్తే వచ్చే లవణం. లవణం అంటే కూరలో వేసేదే అనుకునే పిల్లవాడికి, కొండలను పేల్చే లవణం కూడా ఉందని ఎప్పుడు చెబుతాం?

ఆ లవణం కొండలు ఎక్కి గనులకు పోతుంది. మా అసలు మాట ఇక్కడుంది.

బాక్సైట్ రాయిని పొడి చేసి, వేడి కాస్టిక్ సోడాలో కరిగించి, తెల్లటి అల్యూమినా పొడి తీస్తారు. కాస్టిక్ సోడా అంటే సోడియం హైడ్రాక్సైడ్. పుస్తకంలో బలమైన క్షారాలకు మొదటి ఉదాహరణగా ఇచ్చేది అదే. కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండను తవ్వి దమన్‌జోడిలో ఆ పని చేసే నాల్కోకు విశాఖ రేవులో సొంత ఏర్పాట్లున్నాయి. కాస్టిక్ సోడా ఓడ దిగి కొండకు పోతుంది. అల్యూమినా కొండ దిగి ఓడ ఎక్కుతుంది. మధ్యలో మిగిలేది ఎర్ర బురద. అది తీవ్రమైన క్షారం. 2010 అక్టోబర్ 4న హంగేరీలోని అయ్‌కాలో అలాంటి బురద చెరువు కట్ట తెగింది. పది మంది చనిపోయారు. బురదలో నడిచినవాళ్ల కాళ్లు కాలాయి. యాసిడ్ కాల్చినట్టే క్షారమూ కాలుస్తుందని ఆ ఊరివాళ్లు ఒళ్లుతో నేర్చుకున్నారు. నదిలో క్షారాన్ని తగ్గించడానికి జిప్సం, ఆమ్లం పోశారు. తటస్థీకరణకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఏ పుస్తకంలో ఉంటుంది?

మా గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల్లోనూ బాక్సైట్ ఉంది. 2015 నవంబర్‌లో జీవో 97 వచ్చింది. మన్యం ఎదురుతిరిగింది. జీవో ఆగింది, తర్వాత రద్దయింది. మళ్లీ రాదని ఎవరు రాసిచ్చారు? మళ్లీ గ్రామసభ పెట్టినప్పుడు, ప్రాజెక్టు కాగితంలో కాస్టిక్ సోడా ఎన్ని టన్నులు, ఎర్ర బురద ఎక్కడ పోస్తారు అని చదివి అడిగేవాడు మన ఊళ్లో ఉండాలా వద్దా? వాడు ఇవాళ మా ఏడో తరగతిలో మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.

బొర్రా గుహలు చూపించడానికి పిల్లలను తీసుకెళ్తారు. గైడు టార్చి వేసి ఇది శివలింగం, ఇది ఆవు పొదుగు అని చూపిస్తాడు. వాన నీళ్లు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కార్బోనిక్ ఆమ్లమై, సున్నపురాయిని కరిగించి, మళ్లీ చుక్కచుక్కగా రాయిగా పేరుస్తోందని చెప్పడు. ఆ బొర్రా చుట్టూ అనంతగిరి మండలంలో కాల్సైట్ తవ్వడానికి ఇచ్చిన లీజుల మీదనే సమత కేసు నడిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకు లీజుకివ్వకూడదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది. కాల్సైట్ అంటే కాల్షియం కార్బొనేట్, ఒక లవణం. దేశమంతా చెప్పుకునే తీర్పు ఒక లవణం గురించి వచ్చింది. మా సైన్స్ పుస్తకానికి ఆ సంగతి తెలియదు.

తరగతిలో రాజకీయాలా అంటారు. గని కావాలో వద్దో మేము పిల్లలకు చెప్పం. మేం అన్నం వండే సత్తు గిన్నె కూడా బాక్సైట్ నుంచి వచ్చిందేనని చెబుతాం. అందులో చింతపండు పులుసు ఎందుకు నిలవ ఉంచకూడదో కూడా చెబుతాం. అన్ని లెక్కలూ ముందు పెడతాం, ఆలోచించేది వాళ్లు. లెక్క చెప్పడం రాజకీయమైతే, లెక్క దాచడం ఇంకా పెద్ద రాజకీయం.

సిలబస్‌కు టైము లేదంటారు. మూడు వాక్యాలు ముప్పైసార్లు వల్లె వేయించడానికి టైముంది కదా.

మేము అడిగేవి పెద్దవి కావు. ప్రతి ప్రాథమికోన్నత పాఠశాలకూ ఒక ప్రయోగాల పెట్టె ఇవ్వండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు అందులో ఉండాలి. ఏ పిల్లా మరుగుదొడ్డి యాసిడ్ ముట్టుకోకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి, గోడ మీద రాయించండి. ఆమ్లం, క్షారం, లవణం పాఠానికి మా భాషల మాటలతో మూడో పేజీ చేర్చండి. ఆ మాటలు మేం సేకరించి ఇస్తాం, డబ్బులు అడగం. టీచర్ ట్రైనింగులో ఒక్క వారం పోర్టు, స్టీల్ ప్లాంటు చూపించండి. అన్నిటికంటే ముందు, ఆ పిల్లల మాట అర్థమయ్యే టీచరును వాళ్ల ముందు నిలబెట్టండి. షెడ్యూల్డు ప్రాంత టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఖాళీని పూరించే దారి ఏదో ప్రభుత్వమే వెతకాలి. కారం అన్న జవాబు విని నవ్వే టీచరు మన్యానికి వద్దు. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన టీచరు కావాలి.

మన టీచర్లకు ఒక మాట. పై నుంచి పెట్టె వచ్చేదాకా ఆగకండి. రేపు పొద్దున బడికి వెళ్లేటప్పుడు ఒక పసుపు కొమ్ము, కొంచెం సున్నం, ఒక నిమ్మకాయ పట్టుకెళ్లండి. మొదటి పీరియడ్‌లో రంగు మార్చి చూపించండి. రెండో పీరియడ్‌లో, బ్లీచింగ్ మీద యాసిడ్ పోయకూడదని ప్రతి పిల్ల చేతా తన ఇంటి భాషలో చెప్పించండి. నిర్వచనం మూడో రోజు రాయించినా ఏమీ కాదు.